కుడి సిలిండర్ రెండుసార్లు పట్టేసింది: ఒక రాజ్‌దూత్ 350 ఆయిల్ పంపు కేసు

బండి ట్రాలీ ఆటోలో వచ్చింది. 1986 మోడల్ రాజ్‌దూత్ 350. కుడి సైలెన్సర్ కొస ఎండిపోయి బూడిద రంగులో ఉంది. ఎడమ సైలెన్సర్ కొసన తారులాంటి జిడ్డు బొట్లుబొట్లుగా కారుతోంది. ఆ రెండూ పక్కపక్కన చూడగానే నాకు సగం కేసు అర్థం కావాల్సింది. కాలేదు. దానికి పదిహేను రోజుల టైమూ, పనికిరాని పంపు ఒకదాని ఖరీదూ పోయాయి.

ఓనరు తెనాలిలో లెక్చరర్‌గా చేసి రిటైరైన మాస్టారు. ఇప్పుడు కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటున్నారు. బండి ఆయన కొత్తగా కొన్నదే, చేతులు మారలేదు. మధ్యలో పదకొండేళ్లు ఇంటి వసారాలో గోనెపట్టా కప్పుకుని పడుంది. రెండేళ్ల కిందట ఊళ్లోనే ఒక మెకానిక్ చేత లేపించారు. అంతకుముందు ఎప్పుడో ఎవరో ఆయిల్ పంపు ట్యూబులు పీకేసి, పెట్రోల్లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) కలుపుకోమని చెప్పి పంపారట. మాస్టారికి అది నచ్చలేదు. "కంపెనీ వాడు పెట్టిన పంపు కంపెనీ వాడు పెట్టినట్టే పనిచెయ్యాలి బాబూ" అన్నారు. అలా పంపు మళ్లీ తగిలించారు. 280 కిలోమీటర్లు తిరిగాక విజయవాడ హైవే మీద కుడి పిస్టన్ పట్టేసింది, అంటే సిలిండర్లో ఇరుక్కుని కదలకుండా ఆగిపోయింది.

అప్పుడు ఆ మెకానిక్ చేసిన పనులు మాస్టారు చీటీ మీద రాసి తెచ్చారు: సిలిండర్ బోరు (పిస్టన్ కదిలే రంధ్రం) రుద్ది సాఫు చేయడం, కొత్త రింగులు, కార్బరేటర్లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది, "పంపు కేబుల్ టైట్ చేశాను, ఇక ఆయిల్ బాగా వస్తుంది". ఆ తర్వాత 160 కిలోమీటర్లకే కుడి సిలిండర్ మళ్లీ పట్టేసింది. ఎడమ వైపు మాత్రం వెనకొచ్చే వాళ్లు తిట్టుకునేంత పొగ.

నా దగ్గరికి రాకముందు ముగ్గురిని అడిగారట. ముగ్గురూ ఒకే మాట చెప్పారు: పంపు పీకేసి పెట్రోల్లో కలుపుకోండి.

ఆ సలహాని నేను తప్పుపట్టను. నేను పని నేర్చుకున్న షెడ్డులో ఆర్‌ఎక్స్ 100 పంపులు సంచుల కొద్దీ ఉండేవి, అన్నీ బళ్ల నుంచి పీకేసినవే. బంకుల్లో టూటీ ఆయిల్ మిషన్ హ్యాండిల్ తిప్పి పోసే రోజుల్లో కలుపుకోవడం పెద్ద పని కాదు. పంపు మీద నమ్మకం లేకపోతే పీకేయడమే క్షేమం, ఎందుకంటే ఆయిల్ ఆగిపోయిందని పంపు చెప్పదు, పిస్టన్ చెబుతుంది. కానీ 350 విషయంలో నేను మాస్టారి పక్షమే. ఎందుకో చెప్పాలంటే పంపు చేసే పని కొంచెం చెప్పుకోవాలి.

టూ స్ట్రోక్ ఇంజిన్లో పిస్టన్ కింద ఉండే క్రాంక్ గదిలోకి పెట్రోలూ గాలీ కలిసి వస్తాయి కాబట్టి అక్కడ ఫోర్ స్ట్రోక్ బండిలోలాగా ఆయిల్ నిల్వ ఉంచడం కుదరదు. వచ్చే పెట్రోలుతోపాటే ఆయిల్ కూడా రావాలి, బేరింగులూ పిస్టనూ తడిపి, చివరికి కాలిపోవాలి. యమహా వాళ్లు 1964లో వైఏ-6 బండి మీద ఆటోల్యూబ్ అని ఈ పంపు పెట్టారు. తర్వాత ఆర్‌డీ 350కి వచ్చింది, ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి మన దేశంలో చేసిన రాజ్‌దూత్ 350కీ వచ్చింది. పిస్టన్ బదులు రోటర్ తిరిగే రోటరీ ఇంజిన్ల బాధా ఇలాంటిదే. 1974లో వచ్చిన సుజుకి ఆర్‌ఈ5లో రోటర్ కొసల మీది సీళ్లు తడవడానికి వేరే ట్యాంకు నుంచి పంపు ఆయిల్ ఇస్తుంది, దాని కేబుల్ కూడా యాక్సిలరేటర్‌తోనే కదులుతుంది. అదే కాలంలో జర్మనీలో వచ్చిన హెర్క్యులిస్ రోటరీకి మొదట్లో మన చేతక్, లాంబ్రెటాల్లాగే పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాల్సి వచ్చేది. ఇంజిన్ ఆకారం ఏదైనా, కాలిపోయే ఆయిల్ మీద బతికే బండికి ఆ ఆయిల్ ఎంత, ఎప్పుడు అన్నదే ప్రాణం.

మన పంపుకు రెండు లెక్కలు తెలుసు. ఒకటి ఇంజిన్ వేగం: పంపు గేరు ఇంజిన్ నుంచే తిరుగుతుంది. రెండోది మీ మణికట్టు: యాక్సిలరేటర్ కేబుల్ కొస ఒకటి వచ్చి పంపు మీది చిన్న పుల్లీని తిప్పుతుంది, దాన్నిబట్టి లోపల ఆయిల్ తోసే కడ్డీ, అదే ప్లంజర్, ఎంత దూరం కదలాలో (దాన్నే స్ట్రోక్ అంటాం) తేలుతుంది. స్లోలో ఉంటే చిటికెడు, ఫుల్లు తిప్పితే చాలా ఎక్కువ.

కలిపిన పెట్రోల్లో ఈ తెలివి ఉండదు. ఘాట్ రోడ్డు దిగుతున్నారనుకోండి. గేర్లో ఉండి యాక్సిలరేటర్ మూసేస్తే ఇంజిన్ నిమిషానికి 4000, 5000 చుట్ల మీద తిరుగుతూనే ఉంటుంది, కానీ పెట్రోల్ దాదాపు ఆగిపోతుంది, దాంతోపాటే ఆయిలూ ఆగిపోతుంది. పంపు ఉన్న బండికి అప్పుడు కూడా ఇంజిన్ వేగాన్నిబట్టి కనీసపు స్ట్రోక్ ఆయిల్ వస్తూనే ఉంటుంది. మాస్టారి కోరిక ఏమిటంటే ఒక్కసారి ఈ బండి మీద శ్రీశైలం వెళ్లి రావాలి. ఇంకేం, పంపు బాగుచేద్దామని ఒప్పేసుకున్నాను.

పిస్టన్ ఏం చెప్పింది

రెండుసార్లు పట్టేసిన బండి వస్తే అందరూ మొదట జెట్ల మీద పడతారు. పెట్రోల్ తక్కువై పట్టేసిందా, ఆయిల్ తక్కువై పట్టేసిందా అన్నది ముందు తేల్చాలి. రెండింటికీ గీతలు పడతాయి, రెండింటికీ బోరు పోతుంది, వైద్యం మాత్రం వేరు.

హెడ్ విప్పాను. కుడి ప్లగ్ తెల్లగా లేదు. లేత గోధుమ రంగులో, మామూలుగానే ఉంది. పిస్టన్ నెత్తిన కరిగిన గుంటలు లేవు. అంటే పెట్రోల్ మరీ తక్కువేం కాలేదు. పిస్టన్ చుట్టూ మాత్రం నిలువు గీతలు, ఎగ్జాస్ట్ వైపు అల్యూమినియం చెదిరి బోరుకు అంటుకుంది. పిస్టన్ తిరగేసి అడుగు చూశాను. బాగున్న టూ స్ట్రోక్ పిస్టన్ అడుగున ఆయిల్ తడి మెరుస్తూ ఉంటుంది. ఇది అట్లపెనంలా పొడిగా ఉంది. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకు కలిపే గజన్ పిన్ను మధ్యలో నీలి రంగు తిరిగింది. అంటే ఒకసారి కాదు, చాలాసేపు ఎండి తిరిగింది. ఎడమ పిస్టన్ అడుగు దీనికి పూర్తిగా వ్యతిరేకం, వేలు పెడితే వేలికి నల్లటి ఆయిల్.

ఒకే పంపు, ఒకే ట్యాంకు, ఒకే కేబుల్. ఒక పక్క మునక, ఒక పక్క కరువు. ఇక్కడితో ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది.

బోర్లు ఇదివరకే ఒకసారి 64.50కి వెళ్లాయి (స్టాండర్డ్ 64.00 మి.మీ.). కుడిది రుద్ది సాఫు చేస్తే పోయే గీతలు కావు. రెండూ 64.75కి కొట్టించి కొత్త పిస్టన్లు వేశాను. 65.00 తర్వాత స్లీవులే (బోరులో దింపే కొత్త గొట్టాలే) గతి. మాస్టారికి ఆ మాట చెబితే, "ఇంకో అవకాశం ఉందన్నమాట" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కొలత

పంపు పనిచేస్తోందా అని అడిగితే చాలామంది చేసే పరీక్ష ఒకటే: కవర్ విప్పి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ట్యూబులో బుడగ కదులుతోందా చూడటం. కదిలితే పంపు ఓకే. రెండోది, సైలెన్సర్లో పొగ వస్తోందా. వస్తే ఆయిల్ ఓకే. ఈ బండికి రెండూ పాసే. బుడగ కదులుతోంది, పొగ కావాల్సినంత ఉంది.

నేను రెండు మెడికల్ సిరంజిలు తెప్పించాను, పది మి.లీ.వి, సూదుల్లేకుండా. పని ఇలా: ముందు పెట్రోల్లో లీటరుకు 25 మి.లీ. టూటీ ఆయిల్ కలిపి ట్యాంకులో పోయాలి, ఎందుకంటే పరీక్ష నడుస్తున్నంతసేపు ఇంజిన్‌కు పంపు ఆయిల్ అందదు. తర్వాత రెండు డెలివరీ ట్యూబుల కొసలు ఇంజిన్ వైపు విప్పి, ఒక్కోదాన్ని ఒక్కో సిరంజిలోకి వదలాలి. ట్యూబులు విప్పిన చోట రంధ్రాలు రబ్బరు మూతలతో మూయాలి. అది మర్చిపోతే అక్కడి నుంచి గాలి పీల్చుకుని, పరీక్ష చేస్తూ చేస్తూనే ఇంకో పిస్టన్ పోగొట్టుకుంటారు. ముందు టేబుల్ ఫ్యాన్. పంపు కేబుల్ విప్పేసి, ఇంజిన్ 2000 మీద నిలబెట్టి, పుల్లీని వేలితో ఫుల్ దాకా తిప్పి పట్టుకోవాలి. సరిగ్గా మూడు నిమిషాలు.

మా కుర్రాడు సెల్‌ఫోన్లో టైమర్ పెట్టి పుల్లీ పట్టుకున్నాడు. నేను సిరంజిలు పట్టుకుని కూర్చున్నాను. ఎడమ సిరంజిలో ఆయిల్ ఒక లయలో పడుతోంది, చిన్న చిన్న తోపులుగా. కుడి సిరంజిలోనూ పడుతోంది, కానీ మధ్యమధ్య గింజంత గాలి బుడగ వచ్చి ఒక తోపు వెలితి అవుతోంది. మూడు నిమిషాలకు ఎడమ 5.2 మి.లీ., కుడి 3.1 మి.లీ. మళ్లీ చేశాం. 5.2, 3.0.

"అన్నా, కుడిది సగం కూడా తాగట్లేదు" అన్నాడు వాడు. సగానికి పైనే తాగుతోందిలే, కానీ చెప్పాల్సిన మాట చెప్పాడు.

నా తప్పు

ఇక్కడ నేను తొందరపడ్డాను. ఈ పంపులో ప్లంజర్ ఒకటే. అది తిరుగుతూ ముందుకూ వెనక్కూ కదులుతూ ఒకసారి ఎడమ దారికి, ఒకసారి కుడి దారికి ఆయిల్ తోస్తుంది. ఒక పక్క తక్కువ వస్తోందంటే లోపల ఆ దారి అరిగిందని తీర్మానించేశాను. ఫోన్లు చేసి, బయటి ఊరి నుంచి పాత పంపు ఒకటి తెప్పించాను. "ఒరిజినల్ జపాన్ పీస్" అన్నారు. వారం పట్టింది. తెచ్చి, అవే ట్యూబులు తగిలించి, అదే పరీక్ష చేశాను.

ఎడమ 5.3. కుడి 3.0.

పంపు మారినా లెక్క మారలేదంటే దోషం పంపులో లేదు. ఇది తెలుసుకోవడానికి పంపు కొనక్కర్లేదు. ఎడమ దారికి వేరే ట్యూబు ముక్క, కుడి దారికి వేరే ట్యూబు ముక్క తగిలించి కొలిచి ఉంటే పది నిమిషాల్లో, ఇరవై రూపాయల్లో తేలేది. పైగా ఆ వచ్చిన పంపుకి షాఫ్టు సీలు పాతదానికన్నా అధ్వాన్నంగా ఉంది. దాని ఖరీదు మాస్టారి బిల్లులో వేయలేదు.

మూడు లోపాలు, ఒకదాని వెనక ఒకటి

కుడి ట్యూబు పైకి చూస్తే బాగానే ఉంది, కొంచెం పసుపు తిరిగింది, అంతే. పంపు చుట్టూ ఆయిల్ జిడ్డు ఉంది, కానీ 350 పంపు కవర్ కింద జిడ్డు లేని బండి నేను చూడలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మొత్తం పెట్రోలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక టాల్కం పౌడర్ చల్లాను. ఇంజిన్ స్టార్ట్ చేసి పుల్లీ ఫుల్ తిప్పాం. అర నిమిషంలో పంపు వైపు బాంజో (ట్యూబును బోల్టుతో బిగించే ఉంగరం) మెడ దగ్గర తెల్ల పౌడర్ మీద తడి గీత ఒకటి బయటపడింది, తలవెంట్రుకంత. ట్యూబు గట్టిపడి, బిగించినప్పుడు మెడ దగ్గర పగిలింది. వంచితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది.

ఇక అన్నీ ఒక వరసలోకి వచ్చాయి. స్లోలో ఆ పగులు పెద్దగా కారదు. ఫుల్ స్ట్రోక్‌లో తోపు ఎక్కువై కారుతుంది. అంటే పిస్టన్‌కు ఆయిల్ ఎక్కువ కావాల్సినప్పుడే ఎక్కువ బయటికి పోతుంది. అంతేకాదు, ఇన్‌టేక్ వైపు పీల్పుకి అదే పగులు నుంచి గాలి లోపలికి వస్తుంది. సిరంజిలో కనబడిన బుడగలూ ఆ పగులు దారిన వచ్చిన గాలే. కిందటి మెకానిక్ కేబుల్ టైట్ చేయడంతో ఎడమ సిలిండర్‌కు అవసరం లేని ఆయిల్ వెళ్లింది, కుడి వైపు లీకు పెరిగింది. ఆయన ఉద్దేశం మంచిదే.

రెండో లోపం ఎడమ వైపు. కేబుల్ సరిచేశాక కూడా, బండి నాలుగు రోజులు నిలబెట్టి కిక్ కొడితే ఎడమ సైలెన్సర్ నుంచి మబ్బు లేచింది. ట్యూబు పంపు నుంచి మొదలయ్యే చోట, బాంజో బోల్టు కింద చిన్న గోళీ, దాని మీద వెంట్రుకంత స్ప్రింగు ఉంటాయి. పంపు తోసినప్పుడు మాత్రమే దారి ఇచ్చి, మిగతా వేళల్లో ట్యాంకులోని ఆయిల్ తన బరువుతో తాను దిగిపోకుండా ఆపడం దాని పని. విప్పేటప్పుడు కింద పళ్లెం పెట్టుకోండి, ఆ స్ప్రింగు ఎగిరితే ఆ రోజుకి అంతే సంగతులు. ఎడమ గోళీ కూర్చునే చోట పాత ఆయిల్ గడ్డకట్టి బెల్లం పాకంలా పట్టుకుని ఉంది. అందుకే గోళీ పూర్తిగా మూసుకోవట్లేదు. పెట్రోల్లో నానబెట్టి, అగ్గిపుల్ల కొసతో గీరి (ఇనుప సూది పెట్టొద్దు, గీత పడితే ఇక ఎప్పటికీ మూసుకోదు), మళ్లీ పెట్టి సిరంజితో పరీక్షించాను. ఆయిల్ నింపిన సిరంజి నిలువుగా పట్టుకుంటే చుక్క దిగకూడదు, బొటనవేలితో కాస్త నొక్కితే దిగాలి. ఎడమది రాత్రంతా నిలబడింది. కుడిదీ శుభ్రం చేసి పెట్టాను.

ఆ పాకం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని సైడ్ కవర్ తీసి ఆయిల్ ట్యాంకు దింపాను. అడుగున వేలెడు మందాన జెల్లీ. పదకొండేళ్ల కిందటి ఆయిల్ మీద కొత్త ఆయిల్ పోశారు. పంపు కొత్తగా తగిలించేటప్పుడు ట్యాంకు కడగకపోవడం, ఇల్లు సున్నం వేయించి బావి పూడిక తీయకపోవడం లాంటిది. కడిగి, ఆరబెట్టి, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే లావు పైపు కూడా మార్చాను.

మూడో లోపం దొరకడం నా అదృష్టం. బండి వచ్చిన రోజే గేర్ ఆయిల్ పూర్తిగా తీసి, కొలిచి కొత్తది పోశాను, అది అలవాటు. మూడు వారాల తర్వాత క్లచ్ కవర్ విప్పాల్సి వచ్చి అదే ఆయిల్ కొలగిన్నెలోకి తీస్తే, పోసినదానికన్నా 70 మి.లీ. ఎక్కువ వచ్చింది. రంగు కూడా లేత నీలం. గేర్ ఆయిల్ నీలంగా ఉండదు, మేం పోసిన టూటీ ఆయిల్ నీలం. ఈ బండికి పంపు కుడి వైపు క్లచ్ కవర్ ముందు భాగంలోనే బిగించి ఉంటుంది. పంపు షాఫ్టు ఆయిల్ సీలు గట్టిపడి, ట్యాంకులోని ఆయిల్ కొద్దికొద్దిగా గేర్‌బాక్సులోకి దిగుతోంది. ఓనరుకు మాత్రం ఆయిల్ ట్యాంకు ఖాళీ అవడం కనబడుతుంది, "భలే తాగుతోంది, పంపు బాగా ఇస్తోంది" అనుకుంటాడు. ఆయిల్ ట్యాంకులో మట్టం తగ్గిందంటే అది సిలిండర్లోకే వెళ్లిందని ఎవరూ హామీ ఇవ్వరు. సీలు పాత సైజుకి సరిపోయేది బేరింగుల షాపులో దొరికింది. పెదవి ఆయిల్ వైపు ఉండేలా చూసుకుని వేశాను.

డెలివరీ ట్యూబులు రెండూ మార్చాను. ఇక్కడ ఒక హెచ్చరిక: అక్వేరియం ట్యూబు వేసేవాళ్లు ఉన్నారు, పారదర్శకంగా ముచ్చటగా ఉంటుంది, ఇంజిన్ వేడికి ఆరు నెలల్లో చెక్కలా అయిపోతుంది. పెట్రోలుకీ ఆయిల్‌కీ తట్టుకునే ట్యూబే వేయాలి, బాంజోల కింద రాగి వాషర్లు కొత్తవి వేయాలి. పాత వాషర్లే వేద్దామనిపిస్తే వాటిని కాల్చి మెత్తబరిచి వేయండి.

మళ్లీ కొలత: ఎడమ 5.2, కుడి 5.1. కుర్రాడు ఈల వేశాడు.

సెట్టింగు

కనీసపు స్ట్రోక్ ముందు చూశాను. పంపు మీది తెల్ల చక్రాన్ని వేలితో తిప్పుతూ ఉంటే అడ్జస్టింగ్ ప్లేటు బయటికొచ్చి లోపలికి పోతుంటుంది. అది పూర్తిగా బయటికి వచ్చిన చోట ఆపి, పుల్లీకీ ప్లేటుకీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టాలి. 0.20 నుంచి 0.25 మి.మీ. ఉండాలి. ఇక్కడ 0.15 కూడా దూరలేదు. ప్లేటు నట్టు విప్పి షిమ్ అనే పల్చటి వాషర్ ఒకటి చేరిస్తే 0.23 వచ్చింది. బలవంతంగా గేజ్ తోస్తే ఎంతైనా దూరుతుంది, ఊపిరి బిగబట్టి పెట్టాలి.

తర్వాత కేబుల్. పిడి నుంచి వచ్చే ఒక్క కేబుల్ మధ్యలో మూడుగా చీలుతుంది: రెండు కార్బరేటర్లకి, ఒకటి పంపుకి. అందుకే వరస ముఖ్యం. ముందు రెండు కార్బరేటర్ల స్లైడులు (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలికి దారిచ్చే ముక్కలు) ఒకేసారి లేచేలా కుదర్చాలి, ఆ తర్వాతే పంపు. స్లైడు మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పుతూ ఆ చుక్క కార్బరేటర్ నోటి పై అంచుకు వచ్చిన చోట ఆపితే, పంపు పుల్లీ మీది గుర్తు పిన్నుకు ఎదురుగా రావాలి. రాకపోతే పంపు కేబుల్ అడ్జస్టర్‌తో తేవాలి. ఈ బండికి గుర్తు పిన్ను దాటి చాలా ముందుకు వెళ్లిపోయింది. స్లో సరిచేయడానికి కార్బరేటర్ కేబుల్ ముట్టుకున్న ప్రతిసారీ పంపు గుర్తు కూడా చూడాలి. అది ఎవరూ చూడరు. నేనూ ఒకప్పుడు చూసేవాణ్ణి కాదు.

గాలి తీయడం చివరి పని. పంపు మీది బ్లీడ్ స్క్రూ విప్పి, పుల్లీ ఫుల్ పట్టుకుని తెల్ల చక్రం తిప్పుతూనే ఉండాలి, బుడగ లేని ఆయిల్ వచ్చేదాకా. వేలి చర్మం ఊడుతుంది. కొత్త ట్యూబులు ఖాళీగా తగిలించొద్దు, సిరంజితో ఆయిల్ నింపి తగిలించాలి, లేకపోతే ఆ జానెడు గాలి దాటేసరికి సిలిండర్‌కు చాలాసేపు ఆయిల్ ఉండదు. ఆయిల్ విషయానికొస్తే, ఇంజెక్షన్ పంపులకు పనికొస్తుందని డబ్బా మీద ఉన్న ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గ్రేడు టూటీ పోస్తాను. పొగ తక్కువ. రేసు వాళ్లు వాడే ఆముదం ఆయిల్ వాసన నాకూ ఇష్టమే, కానీ నిలవున్నచోట బంకలా పట్టేసేది ఈ గోళీల దగ్గరికి రానివ్వను.

రోడ్డు

మొదటి ట్యాంకు లీటరుకు 20 మి.లీ. కలిపి, పైన పంపు కూడా నడిపించాను. పొగ వచ్చింది, రానీ. కొత్త బోరు. పంపు మీద నమ్మకం కాగితం మీద కుదిరినంత తేలిగ్గా చేతికి కుదరదు, క్లచ్ లివర్ మీద రెండు వేళ్లు ఎప్పుడూ ఉంచే నడిపాను. 500 కిలోమీటర్లు అలా మెల్లగా తిప్పి, తర్వాత ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి ఉత్త పెట్రోల్ పోశాను. ఆయిల్ ట్యాంకు మీద పెయింటుతో గీత గీసి అక్కడిదాకా నింపాను.

శ్రీశైలానికి తెల్లవారుజామున బయల్దేరాం, మాస్టారు కొడుకు కార్లో వెనకాల, నేను బండి మీద. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు కాబట్టి ఆ లెక్కన వెళ్లాం. అడవిలో రోడ్డు ఖాళీ. అక్కడ రెండు మూడుచోట్ల నాలుగో గేర్లో కాసేపు బాగా లాగించాను, రెండు సీజ్‌లూ అలాంటి వేగంలోనే వచ్చాయి కాబట్టి. ఏమీ కాలేదు. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో యాక్సిలరేటర్ మూసి, గేర్లో దిగాను. టూ స్ట్రోక్ బళ్లు అలా దిగేటప్పుడు చేసే ఆ టింగు టింగు శబ్దం తప్ప ఇంకేం లేదు. కింద వంతెన దగ్గర ఆపి రెండు ప్లగ్గులూ విప్పాను. రెండూ కాఫీపొడి రంగు, రెండూ ఒకేలా. అక్కడి నుంచి బండి మాస్టారికిచ్చి నేను కారెక్కాను. పైకి వెళ్లేదాకా ఆయన హెల్మెట్ తప్ప నాకేం కనబడలేదు, కారుని అందనివ్వలేదు.

పోను రాను 430 కిలోమీటర్లు. దారిలో పోసినదీ కలుపుకుంటే పెట్రోల్ మొత్తం 17.9 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 24. ఆయిల్ గీత దాకా నింపడానికి 520 మి.లీ. పట్టింది. లెక్కేస్తే 34 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. సగం దూరం నిమ్మళంగా, కొంత దూరం గట్టిగా నడిపినదానికి ఇది నాకు సమ్మతమే. గేర్ ఆయిల్ మళ్లీ తీసి కొలిచాను. పోసినంతే వచ్చింది, నీలం లేదు.

మాస్టారికి ఒక సిరంజి, కొలిచి కోసిన ట్యూబు ముక్కలు రెండు, నాలుగు రాగి వాషర్లు డబ్బాలో పెట్టి టూల్‌కిట్‌లో ఉంచాను. ట్యూబులు రెండేళ్లకోసారి, బాగున్నా మార్చేయమన్నాను. ఆయన ఒక పాత అటెండెన్స్ రిజిస్టర్‌లో పెట్రోల్ లీటర్లు ఒక గడిలో, ఆయిల్ మి.లీ. పక్క గడిలో రాస్తున్నారు. మొన్న ఫోన్ చేసి, "బాబూ, ఈ నెల 31 వచ్చింది, పోయిన నెల 35. ఏమైనా తేడానా?" అన్నారు. ఈ నెల ఎక్కువ లాగించారా మాస్టారూ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "మా అబ్బాయికి చెప్పకు" అన్నారు.